మా తరఫున కాదు, మా పక్కన

ఆఫ్రికా స్త్రీ అనగానే మన కళ్ళముందు మెదిలే బొమ్మ ఏమిటి? ఎముకల గూడులాంటి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని గంజి కోసం ఎదురుచూసే తల్లి. లేదంటే జననాంగాల కోతకు గురైన పసిపిల్ల. లేదంటే యుద్ధంలో సర్వం పోగొట్టుకుని శిబిరంలో తలదాచుకున్న శరణార్థి. ఈ బొమ్మలు అబద్ధాలని నేననడం లేదు. వీటిని తీసిందెవరు, మన దాకా మోసుకొచ్చిందెవరు అని మాత్రం అడుగుతున్నాను. ఈ బొమ్మల్లో వేటిలోనూ ఆమె నోరు విప్పదు. ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూస్తూ ఉంటుంది, అంతే.

మన సభల్లో, శిక్షణా తరగతుల్లో కూడా ఆఫ్రికా ప్రస్తావన ఇలాగే వస్తుంది. ‘‘మనకంటే వాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం’’ అన్న నిట్టూర్పుతో ముగుస్తుంది. ఈ జాలి వల్ల నష్టపోయింది మనమేనని నా అభిప్రాయం. ఎందుకంటే ఇవాళ మనల్ని తొలుస్తున్న ప్రశ్నలతో ఆఫ్రికా స్త్రీలు ఎప్పటినుంచో తలపడుతున్నారు. దేశ విముక్తి ముందా, స్త్రీ విముక్తి ముందా? మన సంప్రదాయాన్ని మనం విమర్శిస్తే పరాయివాళ్ళకు వత్తాసు పలికినట్టేనా? బయటి డబ్బుతో నడిచే సంస్థ చివరికి ఎవరి మాట వింటుంది? చూడడానికి ఇవి మూడు ప్రశ్నలు. నా దృష్టిలో మూడింటి వెనకా ఉన్నది ఒకటే. నిర్ణయం ఎవరిది?

1929 నాటి ఇగ్బో స్త్రీల యుద్ధంతో మొదలుపెడతాను. ఆగ్నేయ నైజీరియాలో బ్రిటిష్ ప్రభుత్వం 1928లో మగవాళ్ళ మీద పన్ను వేసింది. మరుసటి సంవత్సరం నవంబరులో ఓలోకో అనే ఊళ్ళో మనుషుల్ని, మేకల్ని, గొర్రెల్ని లెక్కపెట్టడానికి ఒక మనిషి వచ్చాడు. పామాయిల్ తీస్తున్న న్వాన్యెరువా అనే స్త్రీ ఆ లెక్కలకు ఎదురు తిరిగింది. లెక్కలంటే పన్నే కదా! ఇక ఆడవాళ్ళ మీద కూడా పన్ను పడబోతోందన్న సంగతి ఆమె నుంచి ఊరికి, ఊరి నుంచి సంతకు, సంత నుంచి జిల్లాలకు పాకింది. పామాయిల్ చెట్టు ఆకులే కబురు పత్రాలు. అప్పటికే పామాయిల్ ధర పడిపోయి ఉంది. ఆ నూనె మీద బతికేది ఆడవాళ్ళు.

వేలాదిమంది కదిలారు. మగవాడు తప్పు చేస్తే ఆడవాళ్ళంతా అతని ఇంటి ముందు చేరి, పాటలతో దెప్పుతూ, రోకళ్ళతో గోడలు బాదుతూ, తప్పు ఒప్పుకునేదాకా కదలకపోవడం ఇగ్బో సమాజంలో పాత ఆచారం. ‘మగవాడి మీద కూర్చోవడం’ అంటారు దాన్ని. 1929లో వాళ్ళు ఆ పద్ధతినే బ్రిటిష్‌వారు నియమించిన నాయకుల మీద ప్రయోగించారు. సైన్యం కాల్పుల్లో యాభైమందికి పైగా స్త్రీలు చనిపోయారు. ప్రభుత్వ రికార్డులు దీన్ని ‘ఆబా అల్లర్లు’ అన్నాయి. వాళ్ళు మాత్రం ‘స్త్రీల యుద్ధం’ అన్నారు. ఈ పేర్ల తేడాలోనే రాజకీయమంతా ఉంది. అల్లరికి ఆలోచన ఉండదు, యుద్ధానికి ఉంటుంది. ఆ తర్వాత ఆ నియమిత నాయకుల వ్యవస్థనే ప్రభుత్వం రద్దు చేయవలసి వచ్చింది.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఇగ్బో స్త్రీలకు అప్పటికే తమ సభలు, తమ సంతలు, తమ శిక్షలు ఉన్నాయి. ఇవేవీ బ్రిటిష్ అధికారుల కంటికి ఆనలేదు. వాళ్ళు నాయకులుగా గుర్తించింది మగవాళ్ళనే. అంటే వలస పాలన ఆఫ్రికాకు స్త్రీ స్వేచ్ఛను తీసుకురాలేదు సరికదా, అక్కడ స్త్రీలకున్న కాస్త అధికారాన్ని కూడా లాక్కుని మగవాళ్ళ చేతిలో పెట్టింది. ‘స్త్రీవాదం పాశ్చాత్య దిగుమతి’ అని ఆఫ్రికాలోనూ అంటారు, మన దగ్గరా అంటారు. ఇక్కడ దిగుమతి అయింది స్త్రీవాదమా, కొత్తరకం పితృస్వామ్యమా? అంతకుముందు అంతా స్వర్గమని కాదు. బహుభార్యత్వం ఉంది, కన్యాశుల్కం ఉంది. కానీ వాటితో పోరాడే సాధనాలు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. పరాయి పాలన ముందుగా విరిచింది ఆ సాధనాలనే.

పశ్చిమ నైజీరియాలోని అబెయోకూటా కథ ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తుంది. ఫున్మిలాయో రాన్సమ్ కూటీ ఇంగ్లండులో చదువుకొచ్చిన ఉపాధ్యాయురాలు. ఆమె ప్రారంభించినది చదువుకున్న ఇల్లాళ్ళ క్లబ్బు. బజారులో సరుకు అమ్ముకునే స్త్రీలు చదువు నేర్పమని వచ్చినప్పుడు ఆ క్లబ్బు స్వభావమే మారిపోయింది. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు తమ బియ్యాన్ని అధికారులు ఎలా లాక్కుంటున్నారో చెప్పారు. పదిహేనేళ్ళు నిండాయో లేదో తేల్చడానికి పన్ను వసూలుదార్లు ఆడపిల్లల బట్టలు విప్పించిన సంగతి చెప్పారు. 1946 నాటికి క్లబ్బు పోయి అబెయోకూటా మహిళా సంఘం వచ్చింది. చదువుకున్నవాళ్ళు బజారు స్త్రీల దగ్గర తమ ఎజెండా నేర్చుకున్నారు! కూటీ సభల్లో యోరుబా బట్టలే కట్టింది, యోరుబాలోనే మాట్లాడింది. బ్రిటిష్‌వారి అండతో పన్నులు వసూలు చేసిన అక్కడి రాజు అలాకే, 1949 జనవరిలో గద్దె దిగి ఊరు విడిచి వెళ్ళక తప్పలేదు. రెండేళ్ళలోపే తిరిగొచ్చాడన్నది కూడా నిజమే. గెలుపు ఎప్పుడూ ఒక్కసారితో అయిపోయేది కాదు.

నెల్లూరు జిల్లాలో అక్షరదీపం తరగతుల నుంచి సారా వ్యతిరేక పోరాటం ఎలా పుట్టిందో చూసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎలా సడలించారో కూడా చూశాం. పోరాటం ఆడవాళ్ళది, ఎత్తివేసే నిర్ణయం మాత్రం ఇంకెవరిదో.

ఇక ‘ముందు ఏది’ అన్న ప్రశ్న. దీనికి ఆఫ్రికా చరిత్రలో రెండు జవాబులున్నాయి. ఒకటి అల్జీరియా. 1954 నుంచి 1962 దాకా ఫ్రెంచివారి మీద జరిగిన యుద్ధంలో వేలాదిమంది స్త్రీలు పాల్గొన్నారు. బాంబులు మోశారు, జైళ్ళలో చిత్రహింసలు అనుభవించారు. ముందు దేశం, తర్వాత మీ సంగతి అన్నారు. ఆ ‘తర్వాత’ 1984లో కుటుంబ చట్టం రూపంలో వచ్చింది. భర్తకు విధేయురాలిగా ఉండడం భార్య విధి అని, పెళ్ళికి మగ సంరక్షకుడు ఉండాలని ఆ చట్టం రాసింది. ముసాయిదా దశలో, 1980ల మొదట్లో, ఒకప్పటి స్త్రీ యోధులే వీధుల్లోకి వచ్చి వ్యతిరేకించారు. 2005లో కొన్ని సవరణలు జరిగాయి, విధేయత మాట పోయింది, సంరక్షకుడు మాత్రం మిగిలాడు.

రెండోది దక్షిణాఫ్రికా. అక్కడ 1954లోనే దక్షిణాఫ్రికా మహిళా సమాఖ్య తన స్త్రీల ప్రణాళికను ఆమోదించింది. వర్ణవివక్షను ఎదిరించిన ఆ పత్రమే పెళ్ళిలో, ఆస్తిలో, పిల్లల మీద హక్కులో సమానత్వాన్ని కూడా అడిగింది. 1956 ఆగస్టు 9న, పాసు చట్టాలను ఆడవాళ్ళకు వర్తింపజేయడానికి వ్యతిరేకంగా సుమారు 20,000 మంది స్త్రీలు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనాల ముందు చేరారు. అరగంట సేపు మౌనంగా నిలబడ్డారు. ముందు నడిచిన నలుగురిలో లిలియన్ న్గోయీ నల్లజాతి స్త్రీ, హెలెన్ జోసెఫ్ తెల్లజాతి స్త్రీ, రహీమా మూసా భారతీయ సంతతి స్త్రీ, సోఫియా విలియమ్స్ డి బ్రైన్ మిశ్రమ జాతి స్త్రీ. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటల్లో కూలీలుగా చేరిన వారిలో మన తెలుగు జిల్లాల వాళ్ళు కూడా ఉన్నారు కనుక ఆ పోరాటం మనకు పూర్తిగా పరాయిది కాదు.

వర్ణవివక్ష కూలిపోతున్న రోజుల్లో, 1992లో, వేర్వేరు పార్టీల స్త్రీలు కలిసి జాతీయ మహిళా కూటమి కట్టారు. ఊరూరా స్త్రీల కోరికలు సేకరించి 1994లో కొత్త ప్రణాళిక తెచ్చారు. ఆచార న్యాయానికి సమానత్వ సూత్రం నుంచి మినహాయింపు ఇవ్వాలని సంప్రదాయ నాయకులు పట్టుబట్టారు. స్త్రీలు ఒప్పుకోలేదు. 1996 రాజ్యాంగంలో ఆచార న్యాయం హక్కుల పత్రానికి లోబడే ఉంది. దీనితో అక్కడి స్త్రీల బాధలు తీరిపోయాయని చెప్పను. స్త్రీల మీద హింసకు నిరసనగా 2018 ఆగస్టులో వాళ్ళు మళ్ళీ ప్రిటోరియాకు నడవవలసి వచ్చింది. కానీ ఆ రెండు దేశాల మధ్య తేడా త్యాగంలో లేదు. ఒప్పందాలు రాసే బల్ల దగ్గరికి తమ సొంత సంఘంతో, తమ సొంత కాగితంతో వెళ్ళారా లేదా అన్న దాంట్లో ఉంది.

జెండాలు మారాక పెత్తనం పోయిందా? పోలేదు. అప్పు రూపంలో తిరిగొచ్చింది. 1980లలో ఆఫ్రికా దేశాలకు ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి షరతులతో అప్పులిచ్చాయి. ఆసుపత్రుల్లో రుసుములు, బడుల్లో ఫీజులు, సబ్సిడీల కోత. ప్రభుత్వం వదిలేసిన పనినంతా ఇంట్లో ఆడవాళ్ళే ఎత్తుకోవలసి వచ్చింది. రోగిని చూసుకోవడం, ఆడపిల్లను బడి మాన్పించడం, ఒక పూట పస్తుండి పిల్లలకు పెట్టడం ఏ బడ్జెట్‌లోనూ కనబడవు. ఆఫ్రికా స్త్రీ మేధావులు దీన్ని తొందరగా పసిగట్టారు. పరిశోధన మన చేతుల్లోనే ఉండాలని వాళ్ళు 1977లో డకార్‌లో సొంత సంఘం పెట్టుకున్నారు. 1984 ఆగస్టులో మన బెంగళూరులో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా స్త్రీలు కలుసుకుని ‘డాన్’ అనే వేదికకు పునాది వేశారు. మరుసటి సంవత్సరం నైరోబీ మహాసభలో వాళ్ళు చెప్పింది ఇదే: అసలు అభివృద్ధి నమూనాయే మనల్ని దెబ్బతీస్తుంటే, అందులో మాకూ కాస్త చోటివ్వండని అడిగి లాభం లేదు. 1998లో అదే ప్రపంచ బ్యాంకు నేరుగా ఆంధ్రప్రదేశ్ సంస్కరణలకు అప్పిచ్చినప్పుడు ఆఫ్రికా అనుభవం మన చేతిలో ఉండవలసింది. ఎంతమంది చేతుల్లో ఉంది?

ఇప్పుడు అన్నిటికంటే ఇబ్బందికరమైన విషయానికి వస్తాను. మన మంచి కోరేవాళ్ళ సంగతి.

2002 మార్చిలో ఉత్తర నైజీరియాలోని కట్సీనా రాష్ట్రంలో అమీనా లవాల్ అనే స్త్రీకి, పెళ్ళి బంధం బయట బిడ్డను కన్నదని, రాళ్ళతో కొట్టి చంపాలని షరియా కోర్టు శిక్ష వేసింది. ప్రపంచం భగ్గుమంది. లక్షల సంతకాలతో ఉత్తరాలు తిరిగాయి. ఆ సమయంలో, 2003లో, ఆమె కేసు కోసం నిలబడిన నైజీరియా మహిళా సంస్థ బావోబాబ్ ఒక విజ్ఞప్తి చేసింది: దయచేసి ఈ ఉత్తరాలు ఆపండి! కారణాలు కూడా చెప్పింది. ఆ ఉత్తరాల్లో వాస్తవాలు తప్పు. కేసు ఇంకా అప్పీలులో ఉండగానే అన్ని దారులూ మూసుకుపోయాయని రాశారు. ఇస్లామూ ఆఫ్రికా అనాగరికమైనవన్న ధోరణి అక్కడి ఛాందసులకే బలమిస్తోంది. దాని వల్ల స్థానికంగా పనిచేసే స్త్రీలకు ప్రమాదం. 2001 జనవరిలో జంఫారా రాష్ట్రంలో ఒక బాలికకు, బయటి ఒత్తిడిని ధిక్కరిస్తున్నామని చూపడానికే అన్నట్టు, కొరడా శిక్షను ముందుకు జరిపి అమలు చేశారని ఆ సంస్థ గుర్తుచేసింది.

వాళ్ళు ఎన్నుకున్న దారి వేరు. ఏ చట్టం కింద శిక్ష వేశారో ఆ చట్టం లోపలే వాదించారు. 2003 సెప్టెంబరు 25న అప్పీలు కోర్టు శిక్షను కొట్టేసింది. ముగ్గురు న్యాయమూర్తులు కూర్చోవలసిన చోట ఒక్కరే కూర్చున్నారని, తన వాదన వినిపించే అవకాశం ఆమెకు సరిగా ఇవ్వలేదని తప్పుపట్టింది. అమీనా బతికింది.

మతచట్టం లోపలే వాదిస్తే ఆ చట్టాన్ని ఒప్పుకున్నట్టు కాదా అని నన్ను కొందరు మిత్రులు అడిగారు. సరైన ప్రశ్నే. కానీ దానికి జవాబు చెప్పవలసింది ప్రాణం పణంగా ఉన్న స్త్రీ, ఆమె పక్కన ఆ ఊళ్ళోనే రేపు కూడా బతకవలసిన స్త్రీలు. విమానం దూరంలో ఉండి మనం కాదు.

అయితే బయటివాళ్ళు నోరు మూసుకోవాలా? అవసరం లేదు. 1959లో దక్షిణాఫ్రికా సరుకులు బహిష్కరించమని అక్కడి ఉద్యమమే పిలుపిచ్చింది, బయట ఉన్నవాళ్ళు ఆ పిలుపును అందుకున్నారు. అడిగి కదలడం వేరు, అడగకుండా ఎగబడడం వేరు. 1980లో కోపెన్‌హాగన్ మహాసభ నాటికే ఆఫ్రికా స్త్రీ పరిశోధకులు ఈ తేడా చెప్పారు. జననాంగాల కోతను వాళ్ళు ఖండించారు. ఆకలిని, నీటి కరువును, దోపిడీని పక్కనబెట్టి ఆ ఒక్కదాన్నే తెర మీద చూపించే పాశ్చాత్య ప్రచారాన్ని కూడా ఖండించారు. ఫలితం మనం గాంబియాలో చూశాం. 2015లో వచ్చిన నిషేధాన్ని ఎత్తేయాలని 2024లో పార్లమెంటులో బిల్లు పెట్టారు. నిషేధం పాశ్చాత్యుల పెత్తనమన్నారు. దశాబ్దాలుగా ఊళ్ళలో పనిచేస్తున్న స్త్రీలు, ఆ కోత బాధ అనుభవించినవాళ్ళు ముందుకొచ్చి మాట్లాడారు. 2024 జూలైలో బిల్లు వీగిపోయింది. బాధితురాలే ఎదుట నిలబడి మాట్లాడితే ఆమెను పాశ్చాత్య ఏజెంటు అనడం అంత తేలిక కాదు.

చివరిగా డబ్బు సంగతి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనం దీన్ని దాటవేయడానికి వీల్లేదు. మా సంస్థకు ఒకప్పుడు నిధులిచ్చిన ఒక విదేశీ సంస్థ ఉండేది. మా మండలంలో స్త్రీలు తాగునీటి కోసం బిందెలతో రోడ్డెక్కిన సంవత్సరం, ఈ ఏడాది మీ అంశం నీరు కాదు, వేరే ఉంది అని దాని ప్రతినిధి మాకు గుర్తుచేశారు. రిపోర్టులో ఆ ఉద్యమానికి గడి లేదు. మీ అందరికీ ఇలాంటి కథలుంటాయి.

ఆఫ్రికా స్త్రీలు దీనికి కూడా ఒక దారి వెతికారు. 2000లో అక్రాలో ఆఫ్రికా మహిళా అభివృద్ధి నిధిని స్థాపించారు. దానిలోకి వచ్చే డబ్బులో బయటి దాతలది కూడా ఉంది, అది దాచవలసిన సంగతి కాదు. కానీ ఏ ఊరి సంఘానికి, ఏ పనికి ఇవ్వాలో తేల్చేది ఆఫ్రికా స్త్రీలు. 2006లో అదే అక్రాలో ఆఫ్రికా స్త్రీవాదుల వేదిక తన ప్రణాళికను రాసుకుంది. వలసవాదం, పితృస్వామ్యం, దోపిడీ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయని చెప్పింది. ఎవరి శరీరం మీద వారికే హక్కని చెబుతూ లైంగిక ఎంపికను కూడా అందులో చేర్చింది. ఇది చిన్న విషయం కాదు. 2023లో ఉగాండా చేసినట్టు, స్వలింగ ప్రేమ ఆఫ్రికా సంస్కృతి కాదంటూ కఠిన చట్టాలు వస్తున్న ఖండమది. నేరంగా రాసిన పాత సెక్షన్లు బ్రిటిష్ పాలన పెట్టిపోయినవన్నది ఎవరికీ గుర్తుండదు. ఇంకొక మాట కూడా. మనకు ‘ముందు దేశం’ అన్నవాళ్ళను నిలదీసిన మనమే దళిత స్త్రీకి, వికలాంగ స్త్రీకి, లెస్బియన్ స్త్రీకి ‘ముందు స్త్రీలందరి సమస్య, తర్వాత మీది’ అంటే అది ఏ విముక్తి?

నిధుల నిర్ణయం ఎక్కడో ఉంటే ఏమవుతుందో 2025 మరోసారి చూపించింది. జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేసింది, జూలై 1న తన సహాయ సంస్థనే మూసేసింది. ఆఫ్రికాలో ఎందరో స్త్రీలు వెళ్ళే క్లినిక్కులు ఆ సంతకంతోనే మూతపడ్డాయి. మన దగ్గర 2020లో విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణ, ఒక సంస్థ అందుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకుండా చేసింది. జిల్లాల్లోని చిన్న సంఘాలకు అందే దారి మూసుకుపోయింది. ఇచ్చే చెయ్యి, ఆపే చెయ్యి రెండూ మనవి కావు.

అందుకే నేనడిగేది పెద్ద సిద్ధాంతం కాదు. ప్రాజెక్టు కాగితం రాసేముందు సంఘంలోని స్త్రీలు కూర్చుని ఈ ఏడాది మన పని ఏదో తేల్చుకోనివ్వండి. నెలకు పది రూపాయలైనా సరే, సంఘానికి ఎవరి అనుమతీ అక్కర్లేని సొంత డబ్బు ఉండనివ్వండి. దూరదేశపు సోదరి కోసం సంతకం పెట్టేముందు, ఆమె ఊళ్ళో ఆమె పక్కన ఎవరున్నారో కనుక్కుని, వాళ్ళకు ఏం కావాలో అడగండి. శిక్షణా తరగతిలో ఆఫ్రికా పాఠం చెప్పేటప్పుడు ఆకలి బొమ్మ పక్కనబెట్టి, న్వాన్యెరువా పేరు చెప్పండి. నోరు తిరగకపోతే రెండుసార్లు చెప్పించండి. మన పేర్లు కూడా వాళ్ళకు అలాగే అలవాటవుతాయి.